మూడు కాపీల లూది

సాన్ రోకె ఊరి హైస్కూలు గేటుకి ఎదురుగా, రొట్టెల బేకరీకీ, ఆటోల్లా తిరిగే ట్రైసికిళ్ళ స్టాండుకీ మధ్య ఇరుక్కుని ఒక జెరాక్స్ కొట్టు ఉంది. కొట్టు అనడం మర్యాదకే. పైన రేకు, కింద బల్ల, బల్ల మీద మిషను, పక్కన స్టూలు, స్టూలు మీద లుద్వినా పాలోమర్. గాలివాన వస్తే ఉన్న ఒక్క ప్లాస్టిక్ పట్టా మిషను మీద కప్పి తను తడుస్తుంది. "నాకు జలుబు చేస్తే అల్లం టీ తాగుతా. దీనికి చేస్తే ఏం పట్టను?" అంటుంది.

లుద్వినా అని నిండుగా పిలిచేది చర్చి ఫాదర్ ఒక్కరే. ఊరందరికీ ఆమె లూది. పిల్లలకైతే మూడు కాపీల లూది. ఎవరు ఏ కాగితం తెచ్చినా, ఎన్ని కావాలని అడగదు. మూడు తీస్తుంది. "ఒకటి ఆఫీసుకి. ఒకటి నీకు. ఇంకోటి వాళ్ళు పోగొట్టి, నువ్వసలు ఇవ్వనేలేదని దబాయించినప్పుడు వాళ్ళ మొహాన కొట్టడానికి." ఆ మూడో కాపీకి డబ్బు తీసుకోదు. కాదని ఎవరైనా నాణెం బల్ల మీద పెడితే, నీ డాబు నా దగ్గరా అని కసురుతుంది. ఆవిడ ముక్కు మీద కోపం గురించి ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ కోపానికి ఎవరూ భయపడరని ఆవిడకీ తెలుసు.

పంతొమ్మిదేళ్ళుగా ఆ స్టూలు మీద కూర్చుని పిల్లల కాగితాలు తీసీ తీసీ, ఏ స్కాలర్‌షిప్పు ఎవరిస్తారో, ఎప్పుడు తలుపు తెరుస్తారో, ఎప్పుడు మూస్తారో లూదికి కంఠతా వచ్చేసింది. ప్రభుత్వానిది, గవర్నరుది, చర్చిది, ఓడ కళాసీల సంఘానిది, చెరకు రైతులది, అన్నీ వెనక గోడ మీది క్యాలెండర్లో పెన్సిల్‌తో రాసి ఉంటాయి. స్కూల్లో సలహాలివ్వడానికి ఒక మేడమ్ ఉంది, పాపం మంచిదే. కానీ ఆవిడ కూడా ఇంటర్వెల్లో రోడ్డు దాటి వచ్చి ఆ క్యాలెండర్ చూసుకుని వెళుతుంది.

ఏ ఫారమైనా అడిగేవి అవే. పుట్టిన సర్టిఫికెట్టు, మార్కుల కార్డు, వీళ్ళు నిజంగా లేనివాళ్ళేనని వార్డుకి పెద్ద అయిన కపితాన్ సంతకం చేసిన కాగితం. చివర ఒక ఖాళీ గడి, అందులో ఇంటికి దారి బొమ్మ గీయాలి. ఇళ్ళకి నంబర్లు లేని ఊళ్ళో, విచారణకి వచ్చే మనిషికి దారి తెలియాలిగా. ఆ బొమ్మలు గీయడంలో లూది చెయ్యి తిరిగిన మనిషి. బేకరీ, చర్చి, వంగిన కొబ్బరిచెట్టు, కరిచే కుక్క, అన్నీ పెట్టేది. ఒక ఏడాది ఒకాయన వచ్చి ఆ కుక్క కోసం సందు సందూ వెతికి, కనబడక వెనక్కి వెళ్ళిపోయాడు. కుక్క ముందు వారమే చచ్చిపోయింది. అప్పటినుంచి లూది ప్రాణమున్న వాటిని బొమ్మలో పెట్టడం మానేసింది.

ఆవిడకి ఇంకో పట్టుదల ఉంది. స్కాలర్‌షిప్పు వచ్చిందని చెప్పడానికి గంతులేస్తూ వచ్చిన పిల్లని అక్కడే బల్ల దగ్గర నిలబెట్టి, డబ్బిచ్చిన వాళ్ళకి థాంక్స్ ఉత్తరం రాయిస్తుంది. ఫారంలో అడిగినా అడగకపోయినా రాయాల్సిందే. రేపు రాస్తానంటే ఊరుకోదు. "రేపు నీకు సిగ్గేస్తుంది. ఎల్లుండి ఇంకా సిగ్గేస్తుంది. ఇప్పుడే రాయి" అంటుంది. ఎందుకంత పట్టుదలో ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పేది కాదు.

ఆ ఏడాది లూది క్యాలెండర్లో అన్నిటికంటే గట్టిగా చుట్టిన పేరు జెలిన్.

జెలిన్‌కి తల్లి లేదు. తండ్రి వేరే దీవిలో వేరే సంసారం పెట్టుకున్నాడు. పోలోన్ అమ్మమ్మే పెంచింది. పొద్దున్నే కొబ్బరాకుల్లో జిగురుబియ్యం చుట్టి ఇబోస్ ఉడికించి, గంప నెత్తిన పెట్టుకుని సంత దగ్గర అమ్ముతుంది ముసలావిడ. మధ్యాహ్నానికి అమ్ముడుపోకపోతే సాయంత్రానికి పులుస్తాయి. ఎందుకు పులుస్తాయి, పులవకుండా ఏం చెయ్యాలి అని జెలిన్ ఆరో క్లాసులో ఉన్నప్పటినుంచీ అందరినీ విసిగించేది. చివరికి అలాంటివి నేర్పే చదువు ఒకటి ఉందనీ, ఇలోయిలో అనే పెద్ద నగరంలోని ప్రభుత్వ కాలేజీలో ఉందనీ లూదే కనిపెట్టింది. ప్రవేశ పరీక్ష రాయించింది. పిల్ల పాసయింది.

కాలేజీ ఫీజు ప్రభుత్వమే కడుతుంది. కానీ నగరంలో తల దాచుకోవడానికి గది, రెండు పూటలా అన్నం, పుస్తకాలు, బస్సు, వీటికి ఇబోస్ గంప చాలదు. మిగతా స్కాలర్‌షిప్పులు కొన్ని అప్పటికే మూసేశారు, కొన్ని ఆ చదువుకి ఇచ్చేది లేదన్నారు. మిగిలింది ఒక్కటే, హెరెద్యా ఫౌండేషన్. అది వస్తే జెలిన్ వెళుతుంది. రాకపోతే బేకరీలో పనికి చేరుతుంది. బేకరీ అతను అప్పుడే అడిగాడు కూడా.

కాగితాలన్నీ పంపిన మూడు వారాలకి కబురొచ్చింది. ఫౌండేషన్ నుంచి మిస్ బులావన్ అనే ఆవిడ శనివారం ఇల్లు చూడటానికి వస్తోందట. లూది ట్రైసికిల్ ఎక్కి స్వయంగా వెళ్ళి చెప్పింది.

"పోలోన్ అమ్మమ్మా, నగరం నుంచి పెద్ద ఆఫీసరమ్మ వస్తోంది. బాగా చూసుకో."

"నువ్వు నాకు చెప్పాలటే?" అంది అమ్మమ్మ. "గుమ్మంలోకి వచ్చిన మనిషిని చూసుకోవడం నాకు రాదా?"

లూది నవ్వుకుంటూ వెనక్కి వచ్చింది. వస్తూ వస్తూ, ఇంట్లో టేబుల్ మీద పరవడానికి గుడ్డ లేదని అమ్మమ్మ గొణిగితే, తన పెళ్ళినాటి లేసు గుడ్డ పంపిస్తానంది. పంపించింది కూడా. పంతొమ్మిదేళ్ళ అనుభవం ఆ క్షణాన ఎక్కడికి పోయిందో దేవుడికే తెలియాలి.

శనివారం లూది కొట్టు వదిలి వెళ్ళలేకపోయింది. సాయంత్రం అమ్మమ్మే కొత్త గౌను వేసుకుని వచ్చి, స్టూలు లాక్కుని కూర్చుని అంతా చెప్పింది. ముసలావిడ మొహం వెలిగిపోతోంది.

"ఎంత మర్యాదస్తురాలే ఆ పిల్ల! కాళ్ళు కడుక్కుంటానంది. అడ్డొచ్చిన కోడిని కూడా జరగమనే అంది గానీ తోలలేదు. కోడి పులుసు చేశా."

"ఏ కోడి?"

"నాకెన్ని కోళ్ళున్నాయే! ఉన్నదే."

"అయ్యో అమ్మమ్మా."

"పోతే పోయిందిలే. రెండు మాట్లు వడ్డించుకుంది, చాలు నాకు. ఇబోస్ అయితే ఆకు కూడా నాకేసింది."

అమ్మమ్మ సంతోషం చూసి లూదికీ కడుపు నిండింది. ఇక వచ్చినట్టే అనుకుంది.

పది రోజుల తర్వాత, స్కూలు వదిలే వేళకి జెలిన్ వచ్చింది. చేతిలో ఒక కాగితం. బల్ల మీద పెట్టింది.

"అక్కా, మూడు కాపీలు."

లూది అలవాటుగా మిషను మూత తెరిచి కాగితం బోర్లా పెట్టబోతూ ఒక వాక్యం చూసింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. మీ కుటుంబం ఆర్థిక స్థితి మా సహాయ పరిమితికి మించి ఉన్నట్టు విచారణలో తేలినందున, అని ఉంది.

"మించి ఉండటమేంటి? మీ ఇంటికంటే తక్కువ ఇల్లు ఈ ఊళ్ళో ఉందా అసలు?"

"మీరే అన్నారుగా, ఏ కాగితమొచ్చినా మూడు తీయించుకోమని" అంది జెలిన్. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. కాగితం వెనక విచారణ ఫారం కాపీ ఉంది. ఒక్కో వస్తువుకీ ఎదురుగా ఒక్కో టిక్కు. సోఫా ఉంది. టీవీ ఉంది. ఫ్యాను ఉంది. గోడ మీద చట్రం కట్టిన పెద్ద పటం ఉంది. కర్టెన్లు ఉన్నాయి. పింగాణీ సామాను ఉంది. ఫ్రిజ్ ఉంది.

"ఫ్రిజ్ ఎక్కడిదే మీకు?"

"వ్యోలేత ఆంటీది. నలుగురు మోసుకొచ్చారు."

"కరెంటుకి మీరు వాడేదే ఆ పక్కింటి తీగ! దాంతో ఫ్రిజ్ నడుస్తుందా?"

"నడపలేదక్కా. కొట్లో ఐసు కొని లోపల పెట్టాం. కూల్‌డ్రింక్ చల్లగా ఉండాలని."

లూది స్టూలు లాక్కుని కూర్చుంది. ఒక్కొక్కటీ అడిగింది. సోఫా బేకరీ వాళ్ళది. టీవీ కూడా వ్యోలేతదే, ఆమె మొగుడు ఓడల్లో పనిచేస్తాడు, ఆ సందులో కలిగినవాళ్ళంటే వాళ్ళే. ఫ్యాను లెక్కల టీచరుది. పటం, పింగాణీ సామాను కపితాన్ భార్యవి. కర్టెన్లు దర్జీ తెచ్చి తనే కట్టి వెళ్ళాడు. పేదవాళ్ళేనని సంతకం పెట్టిన కపితాన్ ఇంటి నుంచి పటం వెళ్ళింది చూడండి, ఆయనకీ తట్టలేదు. ఎవరికీ తట్టలేదు. ఇంటికి పరాయి మనిషి వస్తోందంటే ఉన్నవన్నీ పట్టుకెళ్ళి ఆ ఇంట్లో పెట్టడం ఆ ఊరి వాళ్ళకి ఊపిరి పీల్చినంత మామూలు. పండక్కి ఇస్తారు, పెళ్ళికి ఇస్తారు, చావుకీ ఇస్తారు. పేదరికం చూడటానికి వచ్చే మనిషికి మాత్రం ఇవ్వకూడదని ఎవరు చెప్పాలి?

'నేను చెప్పాలి' అనుకుంది లూది. ఫారం చివర ఇంకో టిక్కు ఉంది. లేసు టేబుల్ గుడ్డ. అది చూసేసరికి ఆవిడకి తల కొట్టేసినట్టయింది.

ఉత్తరం అడుగున చిన్న అక్షరాల్లో, అభ్యంతరం ఉంటే ఏడు రోజుల్లో తెలపవచ్చని ఉంది. చిన్న అక్షరాలు చదవడం లూదికి వృత్తి. మర్నాడు మధ్యాహ్నానికే కొట్టు మూసేసింది. పంతొమ్మిదేళ్ళలో మూసిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. సందులో ఇంటింటికీ వెళ్ళింది. ఆవిడ ఆలోచన సులువైనదే. ఎవరి వస్తువు వాళ్ళు తమదని రాసి సంతకం పెట్టాలి, తమ ఇంట్లో ఆ వస్తువు పక్కన నిలబడి ఫొటో దిగాలి.

"ఫ్రిజ్‌తో ఫొటోనా?" అంది వ్యోలేత. "ఉండు, జుట్టు దువ్వుకొస్తా. మా ఆయనక్కూడా పంపిస్తా."

"నీ జుట్టెవరిక్కావాలి? ఫ్రిజ్ కనబడితే చాలు."

దర్జీ కర్టెన్ల పక్కన పెళ్ళికొడుకులా నిలబడ్డాడు. బేకరీ అతను సోఫాలో కూర్చుని, భార్యని కూడా కూర్చోమని, ఆమె రానంటే చెయ్యి పట్టి లాగాడు. "జెలిన్ వెళ్ళిపోతే నీకు పనికి మనిషి దొరకదుగా, మరి సంతకం పెడుతున్నావే?" అని లూది గుచ్చింది. "ఆ పిల్ల తిరిగొచ్చి నా రొట్టెలు నాలుగు రోజులు నిలవుండేట్టు చేస్తే అంతకంటేనా" అన్నాడతను. లెక్కల టీచరు తన కాగితంలో ఫ్యాను కొన్న తేదీతో సహా రాసిచ్చింది.  ఆ రోజు వస్తువులు ఎంత ప్రేమగా ఇచ్చారో, ఇప్పుడు మాటా అంతే ప్రేమగా ఇస్తున్నారు. ఇలాంటి సందులో పుట్టడం కూడా ఒక స్కాలర్‌షిప్పే అనిపించింది ఆవిడకి.

చిక్కు వచ్చిందల్లా పోలోన్ అమ్మమ్మ దగ్గర.

అమ్మమ్మ వెదురు మెట్టు మీద కూర్చుని కొబ్బరాకులు చీలుస్తోంది. లూది చెప్పిందంతా విన్నది. తలెత్తలేదు.

"పంపించకు."

"అమ్మమ్మా..."

"పంపించకన్నాను. వచ్చిన మనిషికి అరువు కుర్చీ వేశానని, అరువు పళ్ళెంలో పెట్టానని కాగితం మీద రాసి ఆఫీసుకి పంపుతావా? ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని వెళ్ళిందే. ఇప్పుడు నన్ను ఏమనుకుంటుంది? దొంగ ముసలిది అనుకోదూ?"

"లేకపోవడంలో సిగ్గేముంది?"

"లేకపోవడం నాకు సిగ్గు కాదు. డెబ్భై మూడేళ్ళుగా లేదు, అలవాటయిపోయింది. ఉన్నట్టు కనబడ్డానే, అదీ సిగ్గు."

 మిషను దగ్గరైతే లూది ఎవరినైనా కసిరేది. ఇక్కడ కసరలేకపోయింది. అమ్మమ్మ పక్కనే మెట్టు మీద కూర్చుని ఒక ఆకు తీసుకుని చీల్చడం మొదలుపెట్టింది. కాసేపటికి, ఎవరికీ చెప్పనిది నోటికి వచ్చేసింది.

"నన్నూ ఒకావిడ చదివించింది అమ్మమ్మా. నీకు తెలీదు. మిస్ గోరిసెటా అని, కువైట్‌లో నర్సుగా చేసేది. మొహం కూడా చూడలేదు నేను. స్కూలు వాళ్ళు నా పేరిచ్చారు, ఆవిడ డబ్బు పంపింది. రెండేళ్ళు కాలేజీలో చదివా. తర్వాత నాన్న పోయాడు, తమ్ముళ్ళు చిన్నవాళ్ళు. మానేసి వచ్చేశా."

"మానేస్తే?"

"ఏడాదికోసారి ఆవిడకి ఉత్తరం రాయాలి. మొదటి రెండేళ్ళూ పరీక్షలు పాసయ్యాక రాద్దామనుకున్నా. మానేశాక, ఏ మొహం పెట్టుకుని రాయను? ఒక్కటీ రాయలేదు. ఇరవై ఆరేళ్ళయింది. ఆవిడ తిరిగొచ్చి నగరంలోనే హారో అనే పేటలో ఉంటోందట. పనిబడి నగరం వెళ్ళినా ఆ వీధి మొహం చూడను, చుట్టు తిరిగి వెళతా."

అమ్మమ్మ చేతిలో ఆకు పక్కన పెట్టింది. లూదిని అప్పుడే కొత్తగా చూస్తున్నట్టు చూసింది.

"ఓసి నీ దుంపతెగ! అందుకా పిల్లల్ని బల్ల దగ్గర నిలబెట్టి రాయిస్తావు?"

లూది తలూపింది.

"సరే. నేను చెప్తా, నువ్వు రాయి. కానీ నీ ఉత్తరం కూడా నువ్వు రాయాలి. నా సిగ్గు నగరం దాకా పంపించి, నీది మాత్రం దాచుకుంటావా? కుదరదు."

అలా కుదిరింది ఒప్పందం. అమ్మమ్మ చెప్పింది, లూది మోకాలి మీద కాగితం పెట్టుకుని రాసింది.

'నా పేరు అపొలోనియా, అందరూ పోలోన్ అంటారు. ఆ రోజు ఇంట్లో నావి మూడే. ఇబోస్, కోడి, నా మనవరాలు. మిగతావన్నీ ఇరుగుపొరుగువి. మీరు నేల మీద కూర్చోకూడదని వాళ్ళిచ్చారు, నేను తీసుకున్నాను. మిమ్మల్ని మోసం చెయ్యాలని కాదు. అది తప్పే అయితే తప్పు నాది. పిల్లది కాదు.'

కింద వేలిముద్ర వేసింది. లూది తన కాగితం కూడా రాసి పెట్టింది, లేసు గుడ్డ నాది, వీళ్ళకి చెప్పాల్సింది చెప్పకపోయిన తప్పు కూడా నాది అని.

గురువారం పొద్దున్నే లూదీ జెలినూ నగరానికి బస్సెక్కారు. పోస్టుని లూది నమ్మదు. ఫౌండేషన్ ఆఫీసులో మిస్ బులావన్ నిజంగా చిన్నపిల్లే, పాతికేళ్ళుంటాయేమో. వాళ్ళని కూర్చోబెట్టి, కాగితాలన్నీ ఒక్కొక్కటే చదివింది. దర్జీ ఫొటో దగ్గర నవ్వింది. వ్యోలేత ఫొటో దగ్గర ఆగింది.

"ఈ ఫ్రిజ్ తలుపు నేనే తీశానక్కా. లోపల లైటు వెలగలేదు. బల్బు పోయిందేమో, పాపం బాగు చేయించుకోలేకపోతున్నారు అనుకున్నా."

"అనుకుని ఉందనే రాశారు" అంది లూది, ఎంత అణచుకున్నా ఆగక.

"ఏం చెయ్యను? నా ఫారంలో ఉందా లేదా అనే ఉంది. ఎవరిది అని అడిగే గడి లేదు." ఆ అమ్మాయి చివరి కాగితం తీసింది. అమ్మమ్మది. అది చదివాక పక్కన పెట్టకుండా చేతిలోనే పట్టుకుంది. "ఆవిడకి ఉన్నది ఒక్కటే కోడా?"

"ఒక్కటే" అంది జెలిన్.

"ఎవరూ చెప్పలేదు నాకు. రెండుసార్లు అడిగి వేయించుకున్నాను" అంది మిస్ బులావన్. కళ్ళు తుడుచుకోవడానికి ఏమీ సిగ్గుపడలేదు.

తర్వాతి వారం, చెప్పాపెట్టకుండా ఆ అమ్మాయి మళ్ళీ సాన్ రోకె వచ్చింది. ఒక చేతిలో ఫారం, ఇంకో చేతిలో కాళ్ళు కట్టిన పెట్టకోడి. గుమ్మంలో ఆమెని చూడగానే అమ్మమ్మ కంగారుగా లేచి, కుర్చీ కోసం బేకరీ వాళ్ళింటి వైపు పరుగు పెట్టబోయింది. "వద్దూ!" అని సందులో ఇటువైపూ అటువైపూ ఒకేసారి అరిచారు. మిస్ బులావన్ చాప మీద కూర్చుంది. ఆకు విప్పి ఇబోస్ తింది. ఈసారి అన్ని గడుల్లోనూ లేదు అని టిక్కు పెట్టి, అడుగున ఖాళీ జాగాలో తన చేత్తో ఏదో రాసుకుంది. ఏం రాసిందో లూదికి కూడా చూపించలేదు.

స్కాలర్‌షిప్పు వచ్చింది. నాలుగేళ్ళకి. జెలిన్ వచ్చి చెప్పినప్పుడు లూది యథాప్రకారం కాగితం, పెన్ను ముందుకి తోసింది. పిల్ల రాయడం మొదలుపెడుతూ ఆగింది.

"అక్కా, ఒక్కళ్ళకే రాస్తే చాలదు. ఫౌండేషన్‌కొకటి, సందులో వాళ్ళకి తలా ఒకటి. మీకొకటి."

"నాకెందుకే? పక్కనే ఉన్నాగా."

"పక్కనున్నవాళ్ళకే ఎవరూ రాయరు" అని రాసేసింది. లూది దాన్ని మిషను మూత కింద పెట్టి మూడు కాపీలు తీసేదాకా చదవలేదు. చదివాక మరి ఆ మధ్యాహ్నం ఎవరినీ కసరలేదు.

కాలేజీ తెరిచే రోజు వచ్చింది. సూట్‌కేసు వ్యోలేతది, దుప్పటి దర్జీది, గొడుగు టీచరుది. ఈసారి లూది ప్రతిదాని మీదా ఎవరిదో పేరు రాసి అంటించింది. తోడు వెళుతున్నది తనే. బస్సు దగ్గర అమ్మమ్మ మనవరాలిని ముద్దు పెట్టుకుని, లూది మోచెయ్యి పట్టుకుంది.

"రాశావా?"

"రాశాను."

"చూపించు."

లూది సంచిలోంచి కవరు తీసి చూపించింది. అమ్మమ్మకి చదవడం రాదు. అయినా కవరు విప్పి, మడతలు తీసి, అక్షరాలున్నాయో లేదో చూసి ఇచ్చింది.

జెలిన్ సామాను గదిలో దింపాక, ఇద్దరూ హారోలో ఆ వీధికి వెళ్ళారు. లూది కాళ్ళు రెండుసార్లు ఆగాయి, జెలిన్ రెండుసార్లూ చెయ్యి పట్టుకుని నడిపించింది. పచ్చరంగు గేటు. వరండాలో పడక కుర్చీలో ఒక పండు ముసలావిడ. వయసు ఎనభై దాటి చాలా అయి ఉంటుంది. లూది పేరు చెప్పలేకపోయింది, కవరు చేతికిచ్చింది. ఆవిడ భూతద్దం తీసుకుని చదవడం మొదలుపెట్టింది. పెదవులు కదులుతుంటే, తను రాసిన ఒక్కో మాటా లూదికి వినబడింది.

'నేను మీరు చదివించిన లుద్వినా పాలోమర్‌ని. రెండేళ్ళు చదివి మానేశాను. మీకు చెప్పడానికి మొహం చెల్లలేదు. ఆ రెండేళ్ళలో వచ్చిన ఇంగ్లీషూ టైపింగూ ఇవాళ్టికీ నాకు అన్నం పెడుతున్నాయి. జెరాక్స్ కొట్టు పెట్టుకున్నాను. మా ఊరి పిల్లలకి స్కాలర్‌షిప్పు ఫారాలు నింపి పెడుతుంటాను. ఇంతవరకూ నలభై రెండు మంది కాలేజీకి వెళ్ళారు. మీరు లేకపోతే నాకు ఫారం చదవడమే వచ్చేది కాదు. ఇది ఇరవై ఆరేళ్ళ కిందటే రాయాల్సింది. నన్ను క్షమించండి. మీకు నా కృతజ్ఞతలు.'

మిస్ గోరిసెటా చివరిదాకా చదివి, మళ్ళీ మొదటినుంచీ చదివింది. తర్వాత భూతద్దం పెట్టుకునే లూది మొహం వైపు చూసింది.

"నలభై రెండు మందా?"

"ఈ పిల్లతో కలిపి, మిస్."

"నా జీతంతో ఒక్కదాన్నే చదివించగలిగాను. ఆ ఒక్కదాని నుంచీ ఉత్తరం రాలేదు. బతికుందో లేదో, జ్వరమొచ్చి పోయిందేమో అని ప్రతి క్రిస్మస్‌కీ అనుకునేదాన్ని." ఆవిడ చెయ్యి చాచి లూది బుగ్గ తడిమింది. "బతికున్నావన్నమాట."

లూది మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది. ఏడుపు ఆగలేదు. ఆవిడ ఆ తల నిమిరింది.

కాసేపయ్యాక మిస్ గోరిసెటా ఉత్తరం జాగ్రత్తగా మడిచింది.

"దీనికి ఎన్ని కాపీలు తీశావు?"

లూది మొహం తుడుచుకుంటూ ఆలోచించింది. జీవితంలో మొదటిసారి, ఒక్కటి కూడా తీయలేదు.

"వీధి చివర జెరాక్స్ కొట్టుంది. తీయించుకురా. ఒకటి నేను రోజూ చదువుకోవడానికి. ఇంకోటి నేను పోయినప్పుడు నాతోపాటు పెట్టెలో పెట్టమని మా మేనకోడలికిస్తా."

లూది ఉత్తరం పట్టుకుని వీధి చివరికి నడిచింది. బల్లకి ఇవతలివైపు నిలబడటం ఆవిడకి కొత్త. కొట్టతను కాగితం అందుకుని ఎన్ని కావాలని అడిగాడు.

"మూడు" అంది లూది.